నల్ల అట్ట పుస్తకం

"ఏమిటండీ ఇది?"

క్యారియర్ కడుగుదామని భర్త సంచీలో చెయ్యి పెడితే ఆమెకు నల్ల అట్ట పుస్తకం తగిలింది. అట్ట మీద పెద్ద కన్ను బొమ్మ. చంకలో ఉన్న పాప దాన్ని అందుకోబోతే చటుక్కున దూరంగా జరిపింది.

లిఫ్టులు బాగుచేసి అప్పుడే ఇల్లు చేరిన అతను గ్రీజు చేతులతో గుమ్మంలోనే ఆగిపోయాడు.

అత్తగారు వచ్చి చూసి గుండెల మీద చెయ్యేసుకుంది. "మళ్లీ ఆ మాయగాడు రాసిన పుస్తకమేనట్రా! అమ్మాయ్, కుర్రతనంలో వీడు ఇల్లొదిలిపోయింది ఇది చదివే. ఇల్లు బోనట, గడియ మన చేతిలోనే ఉందట!"

ఆమె పుస్తకం కేసీ భర్త కేసీ మార్చి మార్చి చూసింది.

"అప్పుడాయన మాటే వేదమనుకున్నా," అన్నాడతను. "తర్వాత దొంగ అని తిట్టుకున్నా. ఇప్పుడు చదువుతుంటే రెండూ తొందరపాటే అనిపిస్తోంది. గ్రహాలూ శక్తులూ అంటాడే, అదంతా ఒట్టి గాలి. మనిషి భయాల గురించి రాసింది మాత్రం నిజం."

"మంచిదైతే దాచడమెందుకు?"

"నువ్విలా చూస్తావనే."

ఆమె పుస్తకం తెరిచింది. ఎనిమిదితో బడి మానేసిన ఆమెకు ఒక్క ముక్కా కొరుకుడు పడలేదు. తీసుకెళ్లి అత్తగారి చేతిలో పెట్టింది.

"ఇందులో ఏముందో మీరే చదివి చెప్పండత్తయ్యా."

"చెప్తా. కళ్లజోడు ఇటందుకో."

ఆనాటి నుంచి ఆమెకు నిద్రలేదు. అతను పెందరాళే ఇంటికొస్తున్నాడు. పాప గుడ్డలు ఉతుకుతున్నాడు. అడగకుండానే నీళ్లు పట్టి పెడుతున్నాడు. ఇల్లొదిలి పోయేవాళ్లే ఇంత మంచిగా ఉంటారేమో! చొక్కా జేబులు వెతికింది. స్క్రూలు తప్ప ఏమీ దొరకలేదు. దొరక్కపోవడం ఇంకా అనుమానంగా ఉంది.

"ఏం తేలిందత్తయ్యా?"

"ఇంకా చదువుతున్నా. నువ్వు వాణ్ణి కనిపెట్టుకుని ఉండు," అంది అత్తగారు తలెత్తకుండానే.

ఓ ఉదయం లేచి చూస్తే వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. పక్కలో అతను లేడు.

"అత్తయ్యా! మీ అబ్బాయి వెళ్లిపోయాడు! అయిపోయింది, నా కొంప మునిగింది!" పాపను ఎత్తుకుని వీధిలోకి పరుగు తీయబోయింది.

"ఏమయిందే? పొద్దున్నే ఏమిటా గోల?" మొహం నిండా సబ్బు నురగతో అతను స్నానాల గదిలోంచి తల బయటికి పెట్టాడు.

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇంతలో ఫోను మోగింది. అవతల అత్తగారు. వెనకాల ఏదో పెద్ద రొద.

"చదవడం అయిపోయిందమ్మాయ్. మా వాడికి అర్థం కాలేదు గానీ, ఆయన సరిగ్గానే రాశాడు. నేను రైలెక్కేశాను."