దిగే ముందు ప్రార్థన

“ఇవాళ దేవుడు దిగొద్దంటున్నాడు మేడమ్,” అంటూ గజ ఈతగాడు హెల్మెట్ తీసి గట్టు మీద పెట్టాడు.

ఆనకట్ట అడుగున గేటు ఇరుక్కుపోయి నెల దాటింది. ఇంజనీరమ్మ ముఖం గంటు పెట్టుకుంది.

“నెలలో ఇది మూడోసారి. ఇంకోసారి వద్దన్నాడంటే నీకూ నీ దేవుడికీ ఇక్కడ పనుండదు,” అనేసి జీపెక్కింది.

గట్టు మీద తాడు పట్టేది ఈతగాడి బావమరిది. బుగ్గన లవంగం నములుతూ మనసులోనే లెక్క చూసుకున్నాడు. మూడుసార్లూ సెలవు మర్నాడే. దేవుడికి సోమవారమంటే అంత కక్షేమిటో!

నీళ్ల అడుగున కన్ను పొడుచుకున్నా కనిపించదు. పైవాడి చేతిలో తాడే ఆధారం. ఆర్నెల్ల క్రితం ఒకసారి కింద నుంచి తాడు గుంజినా పైకి లాగడం కాస్త ఆలస్యమైంది. ఆ బెదురుతోనే బావకి ఈ భక్తి పట్టుకుంది. దిగబోయే ముందు బావమరిదిని దగ్గరికి లాక్కుని, నుదుటికి నుదురు ఆనించి కళ్లు మూసుకుంటాడు. “దారి చూపించు తండ్రీ అను. గొంతెత్తి అనరా,” అంటాడు. నాలుగైదుసార్లు అనిపించాక గానీ దిగడమో మానడమో తేల్చడు.

భక్తీ లేదు, పాడూ లేదు. సెలవు రోజు చాటుగా తాగుతున్నాడు, మర్నాడు కాళ్లు వణికితే దేవుడి మీదికి నెట్టేస్తున్నాడు. సెలవంటే బావమరిదీ రెండు గ్లాసులు పుచ్చుకుంటాడు, అబద్ధమెందుకు. కానీ తనది గట్టు మీద పని. బుద్ధి ఉండాల్సింది మునిగేవాడికి.

అక్కకి ఫోన్ చేశాడు. “నిన్న బావ తాగాడా?”

“నీకు మతిగానీ పోయిందా? పిల్లదాని సైకిలు బాగుచేస్తూ రోజంతా ఇంట్లోనే ఉన్నారాయన.”

మొగుణ్ణి వెనకేసుకొస్తోంది అనుకున్నాడు. బావ పని పోతే తన పనీ పోతుంది. ఒక్కసారి పట్టుబడితే దారికొస్తాడని తన అనుమానం ఇంజనీరమ్మ చెవిన వేశాడు.

మరుసటి సోమవారం ఆవిడ పోలీసులు వాడే ఊదుడు మిషను తెచ్చింది. ప్రార్థన అయింది.

“వద్దంటున్నాడు మేడమ్.”

“ఇందులో ఊదు.”

బావ ఊదాడు. సున్నా. ఆవిడ మళ్లీ ఊదించింది. మళ్లీ సున్నా.

“మరింకేమిటయ్యా నీ జబ్బు?”

బావ వంగి బూట్లు విప్పసాగాడు.

“రేపు వేరేవాళ్లొస్తారు. మీ సామాను తీసేయండి,” అని ఆవిడ వెళ్లిపోయింది.

తాడు చుడుతూ బావమరిది ఉండబట్టలేకపోయాడు.

“రెండిళ్లకి అన్నం పెట్టే పని బావా. అది పోతున్నా నోరు విప్పవేం? ఇంతకీ ఆ దేవుడు నీకేం చెప్పాడు?”

జీపు మలుపు తిరిగేదాకా బావ ఆగాడు.

“నీ నోరు వాసన రాని రోజే దిగమన్నాడు.”