ఫ్లాష్ పడేదాకా

నాలుగో శాలువా కప్పుతుండగా వాసుదేవ్‌కు తెలిసింది, కెమెరాలో రీలు లేదని. మీట లాగినప్పుడల్లా పైన తిరగాల్సిన చిన్న బుడిపె తిరగడం లేదు. మొన్నటి పెళ్ళిలో అయిపోయిన రీలు తీశాడు, కొత్తది ఎక్కించడం మరిచాడు. రీళ్ళ సంచీ ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల అవతల, రాయచూరులో అతని స్టూడియోలో, కుర్చీ మీద భద్రంగా ఉంది.

ఎదురుగా శక్తినగర్ థర్మల్ కాలనీ మైదానం నిండా జనం. ప్లాంటులో కొత్త యూనిట్ మొదలైన సంబరానికి పెట్టిన సినిమా తారల ప్రదర్శన అది. వేదిక మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని హీరోయిన్ నవ్యశ్రీ నిలబడి ఉంది. చందా ఇచ్చిన ప్రతి పెద్దమనిషికీ ఆమె చేతుల మీదుగా శాలువా, ఆమె పక్కన ఒక ఫోటో అని కమిటీ అధ్యక్షుడు, పత్తి వ్యాపారి పాండురంగయ్య ఊరూరా తిరిగి మాటిచ్చాడు. 'అధికారిక ఫోటోగ్రాఫర్' అన్న బిళ్ళను వాసుదేవ్ చొక్కాకు గుచ్చింది కూడా ఆయనే. ఫోటోలు బాగా వస్తే ప్లాంటులో ఫోటోగ్రాఫర్ ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. పర్మనెంటు ఉద్యోగం. ఆ మాట విన్ననాటి నుంచి వాసుదేవ్ భార్య అహల్య, కాలనీ క్వార్టర్ కిటికీలకు ఏ రంగు పరదాలు బాగుంటాయా అని ఆలోచిస్తోంది.

ఉన్నది చెప్పేద్దామని పాండురంగయ్య వైపు రెండడుగులు వేశాడు. ఆయన మైకు పట్టుకుని, ఫ్లాష్ పడేదాకా ఎవరూ కదలొద్దని హెచ్చరిస్తున్నాడు. వరస మెట్లు దిగి, జనరేటర్ చుట్టూ తిరిగి, గేటు దాకా పోయింది. కరెంటు పుట్టే చోట జనరేటర్ ఎందుకని ఎవరూ అడగలేదు.

వాసుదేవ్ వెనక్కి వచ్చి, కెమెరా కంటికి ఆనించి ఫ్లాష్ కొట్టాడు. పెద్దమనిషి తృప్తిగా దిగిపోయాడు. ఫ్లాష్‌కు రీలుతో పని లేదు.

పదిమంది అయ్యేసరికి అలవాటు పడ్డాడు. ఇరవై దాటాక పనితనం కూడా మొదలైంది. ఒకాయనను గడ్డం పైకెత్తమన్నాడు. ఒకాయన జేబులోంచి పెన్నులు తీయించాడు. నీడ పడుతోందని యరమరస్ రైతు ఒకతన్ని పక్కకు జరిపాడు. రాని ఫోటోకు ఇన్ని జాగ్రత్తలేమిటని తనకే సిగ్గేసింది. కానీ ఆపితే అనుమానం వస్తుంది. వరస తరగడం తప్ప ఇంకేమీ పట్టలేదు అతనికి, నవ్యశ్రీ ఎలా ఉందో చూసే తీరిక కూడా లేకపోయింది.

యరగేర ఊరి జంబన్న దిగినవాడల్లా మళ్ళీ ఎక్కి వచ్చాడు.

"కండ్లు మూసిన తమ్మీ. ఇంకోటి కొట్టు."

"మూయలేదన్నా. మంచిగొచ్చింది."

"నా కండ్ల సంగతి నాకు తెల్వదా?"

వాసుదేవ్ ఇంకోటి కొట్టాడు. జంబన్న కాసేపు ఆలోచించి, ఎందుకైనా మంచిదని మూడోది కూడా కొట్టించుకున్నాడు. అది చూసి వెనకవాళ్ళు తలా రెండు కావాలన్నారు. రైసుమిల్లు శ్యామలాదేవి పసుపు చీరలో ఒకటి దిగి, వెళ్ళి ఆకుపచ్చ చీర మార్చుకొచ్చి మళ్ళీ వరసలో నిలబడింది.

ఆఖరి ఫ్లాష్ పడ్డాక పాండురంగయ్య వచ్చి వాసుదేవ్ భుజం మీద చెయ్యి వేశాడు. రేపు పొద్దున్నే స్టూడియోకు వస్తాననీ, తను వచ్చేదాకా ఒక్క ఫోటో కూడా ఎవరికీ చూపించొద్దనీ అన్నాడు. వాసుదేవ్ తలూపాడు. ఆ ఒక్క మాట మాత్రం నిలబెట్టుకోగలననుకున్నాడు.

మర్నాడు ఏడింటికే పాండురంగయ్య స్టూడియోలోకి వచ్చి తలుపు గడియ పెట్టాడు.

"రీళ్ళు యాడున్నయ్?"

వాసుదేవ్ సంచీ తీసి బల్ల మీద కుమ్మరించాడు. పన్నెండు పెట్టెలు, ఒక్కదానికీ మూత విప్పలేదు. జరిగిందంతా చెప్పేశాడు. ఉద్యోగం పోయినట్టేనని తెలుసు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా.

పాండురంగయ్య పెట్టెలన్నీ ఒక్కొక్కటిగా తిప్పి చూశాడు.

"ఒక్క ఫోటో గూడ రాలేదా?"

"ఒక్కటి గూడ రాలే సావుకారూ."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. మంచినీళ్ళు అడిగి గ్లాసుడూ తాగాడు. ఆ తర్వాత వాసుదేవ్ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ప్లాంటు ఉద్యోగం నీదే అన్నాడు. వచ్చే ఏడు ప్రదర్శనకు కూడా నువ్వేనన్నాడు. వెలుతురు తగిలి రీళ్ళన్నీ పాడయ్యాయని ఊరందరికీ తను చెప్పుకుంటానన్నాడు.

వాసుదేవ్‌కు ఏమీ అర్థం కాలేదు. అంతమందిని మోసం చేసినవాడికి ఉద్యోగం ఎట్లా ఇప్పిస్తారని అడిగాడు.

పాండురంగయ్య లేచి వెళ్ళి, గడియ సరిగ్గా పడిందో లేదో చూసొచ్చి గొంతు తగ్గించాడు.

"ఫోటోలొస్తే ఇయ్యాల నా పని ఖతం అయ్యుండె. జనమంటే దూరముంటిరి. పక్కన నిలబడ్డోల్లంత నీ కెమెరా దిక్కే చూసిరి. ఒక్కడన్న జర తల తిప్పి చూసుంటే తెలిసిపోతుండె, ఆమె నవ్యశ్రీ కాదు, మస్కి నాటకాల కంపెనీ సుమంగళ అని."