రెండో వైపు

"రికార్డుకు మొదటి వైపు ప్రాణం ఉంది. రెండో వైపు లేదు."

పత్రికలో వచ్చిన ఆ రెండు ముక్కలనూ మరియదాసు పదిసార్లు చదివాడు. ఎన్నిసార్లు చదివినా అవి మారలేదు.

పది పాటల లాంగ్‌ప్లే రికార్డు అది. ఎలక్ట్రిక్ ఆర్గన్ మరియదాసుది, గొంతు అతని బావమరిది బాలశౌరిది. తాళానికి మనిషి లేడు. ఓడలో పనిచేసే చుట్టం సింగపూరు నుంచి తెచ్చిన రిథమ్ బాక్సు ఉంది. బటన్ నొక్కితే చాలు, అన్నం నీళ్ళు అడక్కుండా తాళం వేస్తూనే ఉంటుంది. డెబ్బై ఎనిమిదిలో బెజవాడ మొత్తానికి అలాంటి పెట్టె తమ దగ్గరే ఉందని ఇద్దరికీ గర్వం.

ఆ గర్వంతోనే మరియదాసు స్కూల్లో మాస్టరు ఉద్యోగం వదిలేశాడు. కంపెనీవాళ్ళు రెండో రికార్డు ఇస్తే నిలదొక్కుకున్నట్టే. ఇవ్వకపోతే ఎలాగన్నది అతని భార్య ఎలిజబెత్ తప్ప ఎవరూ ఆలోచించలేదు.

"వోల్టేజి, బావా!" తేల్చేశాడు బాలశౌరి. "మొదటి వైపు పాటలు పొద్దున చేశాం. పెట్టె ఎట్టా మోగిందో చూడు, అచ్చం ఢోలక్కే! రెండో వైపు సాయంత్రం చేశాం. మద్రాసులో అప్పటికి కరెంటు పడిపోయుంటది."

"అంతే అయ్యుంటుందిలే."

మర్నాడే స్టెబిలైజరు కొన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నదట వెనకటికి ఒకావిడ. వీళ్ళకు మద్దెల కూడా లేదు కాబట్టి కరెంటును అన్నారు.

దాన్ని బిగిస్తుండగా భవానీపురం ఇంటి వరండాలోకి ఒక మనిషి వచ్చాడు. బాగా చిక్కిపోయి ఉన్నాడు. చంకలో గుడ్డ చుట్టిన ఢోలక్ ఉంది.

"నమస్కారమండీ. నా పేరు లాజరు. మాది మైలవరమండీ. మీ రికార్డు విన్నాను."

"ఎట్టా ఉంది?" అన్నాడు బాలశౌరి.

"రెండో వైపు బాలేదండీ."

బాలశౌరి ముఖం ముడుచుకుంది. "మాకూ తెలుసులే. వోల్టేజి."

"వోల్టేజి కాదండీ." దగ్గు తెర వచ్చింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "ఆ అయిదు పాటలకీ నన్ను ఢోలక్ వాయించనియ్యండి. ఊరికే వాయిస్తాను. మళ్ళీ రికార్డు చేస్తారేమో కంపెనీవాళ్ళని అడగండి. వాటిని అట్టా వదిలేస్తే నాకు నిద్ర పట్టటం లేదండీ."

"మా పాటలు బాలేకపోతే నీకు నిద్ర పట్టకపోవటం ఏందయ్యా?"

లాజరు ఏదో చెప్పబోయి, మింగేశాడు.

"ఆ పెట్టె ఒక్క నిమిషం ఆపండి. ఒక పాట వాయించి చూపిస్తాను," అంటూ బటన్ మీదికి చెయ్యి చాపాడు.

"చెయ్యి తియ్!" అరిచాడు బాలశౌరి. "దగ్గుకుంటా దాన్ని ముట్టుకుంటావా? నీలాంటోళ్ళ కాళ్ళు పట్టుకోకుండా ఉండటానికే గదా దాన్ని తెప్పించుకుంది!"

మరియదాసు వారించలేదు. వారించవలసింది.

ఎలిజబెత్ మజ్జిగ తెచ్చేసరికి లాజరు మెట్లు దిగుతున్నాడు. అక్కడే నిలబడి తాగాడు.

"గ్లాసు వేణ్ణీళ్ళతో కడగండమ్మా," అని చెప్పి వెళ్ళిపోయాడు.

"పాపం, ఒక్క పాట వింటే మీ సొమ్మేం పోయింది?" అంది ఎలిజబెత్.

"పని కోసం వచ్చినవాళ్ళు ఇట్టాగే ఏదో ఒకటి అంటారు," అన్నాడు మరియదాసు.

నెలన్నర తర్వాత ఆమె ప్రార్థన నుంచి వచ్చి గుమ్మంలోనే చెప్పింది.

"ఆ మైలవరం ఆయన పోయాడంటండీ. లాజరు. టీబీయంట."

"అయ్యో," అన్నాడు మరియదాసు, ఆర్గన్ మీద నుంచి చెయ్యి తీయకుండానే. రెండో రికార్డు పాటలు వినిపించటానికి ఆ వారమే మద్రాసు ప్రయాణం మరి.

స్టెబిలైజరును కూడా రైల్లో మోసుకెళ్ళారు. అయిదు కొత్త పాటలూ పొద్దున్నే వాయించి వినిపించారు. కంపెనీ యజమాని చివరిదాకా విన్నాడు.

"అన్నీ ఆ రెండో వైపు పాటల్లాగే ఉన్నాయి. మొదటి వైపు లాంటిది ఒక్కటైనా లేదేమండీ?" అన్నాడు. "ఇక మనకు కుదరదులెండి."

స్టూడియో మెట్ల మీద కూలబడ్డాడు మరియదాసు. నలభై రెండేళ్ళ వయసులో మళ్ళీ ఏ స్కూలు గుమ్మం ఎక్కాలి? ఎలిజబెత్‌కు ఏం చెప్పాలి? దుఃఖం ఆగలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

సౌండు ఇంజనీరు రామకోటేశ్వరరావు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఊరుకోండి మాస్టారూ. నా తప్పు కూడా ఉంది. అప్పుడు మీకు చెప్పకుండా ఒక పని చేశాను. మీ పెట్టె తాళం చప్పగా ఉందనిపించి, మీరు రైలెక్కాక దాని మీద ఢోలక్ కలిపి వాయింపించాను."

బాలశౌరి తల ఎత్తాడు.

"మీరు నొచ్చుకుంటారని, ఎవరికీ చెప్పొద్దని ఆ ఢోలక్ వాయించినతని చేత ఒట్టు వేయించుకున్నాను. అయిదు పాటలు పూర్తయ్యాయి. ఆరోది వాయిస్తూ నెత్తురు కక్కుకుని పడిపోయాడు. మిగతావి ఉన్నవి ఉన్నట్టే అచ్చు వేశారు. ఆసుపత్రిలో కూడా ఒకటే గోల, ఆ అయిదూ అన్యాయమైపోయాయని."

బావా బావమరుదులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

"ఈ పాటికి కోలుకుని ఉంటాడు. మీ పక్క ఊరివాడే. యజమానిని ఇంకొక్కసారి వినమని నేను ఒప్పిస్తాను," అన్నాడు రామకోటేశ్వరరావు ఉత్సాహంగా. "మైలవరం లాజరుకి ఒక్క కార్డు ముక్క రాసి పడెయ్యండి, పరిగెత్తుకుంటూ వస్తాడు."