లెన్సుకు చెమ్మ

"తెరవకుండ్రి సార్!" ఫోటోగ్రాఫర్ సర్వర్ గట్టిగ అరిచిండు.

ఆఫీసర్ భానుప్రకాశ్ కెమెరా బ్యాగు మీంచి చెయ్యి తీసిండు. మందపు ప్లాస్టిక్ కవర్‌ల పెట్టి మూతి బిగించిన ఆ బ్యాగు యాదవ్వ ఇంటి నడుమ నేల మీద ఉన్నది. బయట పొక్లెయిన్ ఉరుముతున్నది. కాలువకు అడ్డమని ఇల్లు కూలగొట్టనీకి వచ్చిన్రు. కూల్చుడుకు గూడ ఒక పద్ధతి ఉన్నది మరి! ముందు లోపలి గదులన్నీ వీడియో తియ్యాలె. అందుకే సిద్దిపేట నుంచి సర్వర్‌ను పిలిపించిన్రు.

"ఇంకెంతసేపయ్యా?"

"పొగమంచుల బండి మీద వచ్చిన సార్. కెమెరా మంచుగడ్డ తీరు సల్లబడ్డది. ఇంట్ల పొయ్యి మండుతున్నది. ఇప్పుడు బయటికి తీస్తె లెన్సుకు చెమ్మ పడుతది, అంతా తెల్లగ వస్తది. కవర్‌లనే మెల్లగ వేడెక్కనియ్యాలె."

"ఫోన్‌ల తీస్తే?"

"మీ ఇష్టం. పోయినసారి ఫోన్ వీడియోకు కోర్టుల ఎవరికి అక్షింతలు పడ్డయో మీకే ఎరుక."

భానుప్రకాశ్ ఫోన్ జేబుల వేసుకున్నడు.

యాదవ్వ గోడకు ఒరిగి కూసున్నది. ఏడ్చే ఓపిక గూడ అయిపోయింది. వకీలు వినీత హైదరాబాద్ నుంచి స్టే కాయితం పట్టుకొని తొవ్వల ఉన్నది. అది అందితేనే ఇల్లు నిలబడుతది.

"వకీలమ్మ వస్తున్నది సారూ, జర ఆగుండ్రి."

"కాయితం చూపిస్తే ఆగుత. వీడియో అయినంక మాత్రం ఆగ."

యాదవ్వ కోపం సర్వర్ మీదికి మళ్లింది. "ఏం సర్వర్, నా ఇల్లు కూలుతుంటే నీ డబ్బాకు సర్ది పడుతదని రందా నీకు? నా బిడ్డ పెండ్లి ఫోటోలు తీసినవ్. ఇగ నా ఇంటి సావు గూడ తియ్యి!"

"నా పని నాది అవ్వా." సర్వర్ ఆమె మొఖం చూడలేదు. కవర్ ముట్టి చూసిండు. "ఇంకా సల్లగనే ఉన్నది సార్."

యాదవ్వ పక్కకు తిరిగి ఉమ్మింది.

భానుప్రకాశ్ బయటికి పోయిండు, లోపలికి వచ్చిండు, చాయ్ తాగిండు, మళ్ల తాగిండు. ఆఖరికి, "చెమ్మ పడితే పడనియ్, తియ్యి!" అని కవర్ చింపిండు.

అప్పుడే వాకిట్ల కారు ఆగింది. వినీత ఉరికివచ్చి కాయితం ఆయన చేతిల పెట్టింది. ఆయన మలిపి మలిపి చదివిండు. అలసటగ చెయ్యి ఊపిండు. పొక్లెయిన్ చప్పుడు ఆగింది. యాదవ్వకు అప్పుడొచ్చింది ఏడుపు.

"పని ఆపినమని రికార్డు ఉండాలె," అన్నడు భానుప్రకాశ్. "గిదన్న తియ్యి సర్వర్. వేడెక్కింది గద?"

సర్వర్ కదలలేదు. విసుగొచ్చి భానుప్రకాశే వంగి బ్యాగు జిప్పు గుంజిండు.

లోపల ఇటుక ఉన్నది.