మలేషియా సాక్ష్యం

“ఆదివారం చర్చిలో సాక్ష్యం సెప్పనంటే ఎలాగరా? పంపినోళ్ళు ఏటనుకుంటారు?” అంది గురమ్మ, కంచంలో అన్నం వడ్డిస్తూ.

దేవేంద్ర తలెత్తలేదు. “ఒంట్లో బాగులేదమ్మా.”

“నువ్వొచ్చి మూడు రోజులైనాది. ఒక్క మాటా సెప్పవు. అక్కడేటైనా అయినాదేటి?”

“ఏటీ అవలేదు.”

అయింది. దాన్ని తల్లికి ఎలా చెప్పాలో తెలియక మూడు రోజులుగా నలిగిపోతున్నాడు.

బొబ్బిలి దగ్గర వాళ్ళ ఊరి చర్చి నుంచి ఆరుగురు యువకులు పది రోజుల సేవకు మలేషియా వెళ్ళారు. అక్కడి పామాయిల్ తోటల్లో తాతల కాలం నుంచీ తెలుగువాళ్ళున్నారు. వాళ్ళ పిల్లలకు తెలుగు పాటలు నేర్పాలి, చిన్న ప్రార్థన మందిరానికి రంగులు వేయాలి. జాబితాలో కొడుకు పేరు చూసి గురమ్మ ఒప్పుకోలేదు.

“ఆ దేశం ఒకర్ని మింగీసినాది, సాలదా?” అంది.

దేవేంద్రకు ఆరేళ్ళున్నప్పుడు నాన్న అప్పలనరసింహం ఆ తోటల్లో పనికే వెళ్ళాడు. రెండేళ్ళ తరవాత ఒక రోజు, చెట్టు విరిగి మీద పడి నాన్న చనిపోయాడని తల్లి ఏడుస్తూ చెప్పింది. శవం రాలేదు. ఆమె హాస్టల్లో వంట చేసి ఒక్కగానొక్క కొడుకును డిగ్రీ దాకా చదివించింది. ఏటేటా చర్చిలో భర్త జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టించేది. “తండ్రి కష్టపడిన నేల మీద కొడుకు సేవ చేస్తాడమ్మా” అని పాస్టరుగారు రెండుసార్లు ఇంటికొచ్చి చెప్పాకే సరేనంది.

మలేషియాలో నాలుగో రోజు సాయంత్రం, పిల్లల తరగతి అయ్యాక, తన పదకొండేళ్ళ కూతుర్ని తీసుకెళ్ళడానికి అక్కడి చర్చి సంఘపెద్ద బండి మీద వచ్చాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. కానీ ఎడమ కనుబొమ్మను చీల్చిన ఆ పాత మచ్చ, ఇంట్లో గోడ మీది ఫొటోలో దేవేంద్ర రోజూ చూసేదే.

“ఏ ఊరు బాబూ మీది?” అన్నాడు అతను.

“బొబ్బిలి దగ్గర. గురమ్మ కొడుకుని.”

అతని చేతిలోంచి బండి తాళాలు జారిపోయాయి.

“నాన్నా!” అన్నాడు దేవేంద్ర. అంత గట్టిగా అనాలనుకోలేదు.

“మెల్లగా... పాప ఇంటాది.”

కొడుకని తెలిశాక తండ్రి అన్న మొదటి మాట అది.

“సచ్చిపోయావనుకున్నాం. ఏటేటా నీ పేరు మీద ప్రార్థన పెట్టిస్తాది అమ్మ.”

“సచ్చిపోనానా?” అప్పలనరసింహం బిత్తరపోయి చూశాడు. ఎంత బాగా నటిస్తున్నాడో అనుకున్నాడు దేవేంద్ర.

“ఇన్నేళ్ళూ ఒక్క ఉత్తరం ముక్కయినా...”

ఆ పిల్ల సంచి ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చింది. అప్పలనరసింహం గొంతు తగ్గించాడు. “ఇక్కడ నాకో పేరున్నాది బాబూ. నీకు దణ్ణం పెడతాను.”

నిజంగానే చేతులు జోడించాడు. తరవాత కూతుర్ని బండెక్కించుకొని వెళ్ళిపోయాడు.

దేవేంద్ర మిగతా రోజులు గోడలకు రంగు వేస్తూనే ఉన్నాడు. తోటివాళ్ళు భోజనానికి పిలిస్తే కూడా నిచ్చెన దిగేవాడు కాదు. వీడ్కోలు కూటంలో ఆ సంఘపెద్దే ముందుకొచ్చి, ఆరుగురి తలల మీదా చేయి పెట్టి ప్రార్థన చేశాడు. దేవేంద్ర దగ్గరికి చివరగా వచ్చాడు.

“తండ్రిలేని వాళ్ళకు తండ్రివైన దేవా...” అన్నాడు.

అందరూ ఆమేన్ అన్నారు. దేవేంద్ర అనలేదు.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు పిలిస్తే లేవక తప్పలేదు. తెలుగు పాట నేర్చుకున్న పిల్లల గురించి, అక్కడి వానల గురించి నాలుగు మాటలు చెప్పి ఆగిపోయాడు. పాస్టరుగారు అందుకుని, “కన్నతండ్రి ప్రాణం విడిచిన చోట నిలబడి వచ్చాడు. గొంతు పెగలకపోవడంలో వింతేముంది?” అన్నారు. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. వాళ్ళ మధ్యలో గురమ్మ తలొంచుకుని కూర్చుంది.

ఇంటికొచ్చాక ఆమె పెరట్లో పీట వేసుకుని నెత్తళ్ళ చేపలు శుభ్రం చేయసాగింది. దేవేంద్ర గుమ్మంలో కూర్చుని ఆ చేతుల్నే చూశాడు. పదహారేళ్ళుగా విధవగా బతుకుతున్న మనిషి. బతికున్నవాడి కోసం ఏడ్చిన మనిషి. నిజం చెబితే ఆ ఏడుపు కూడా ఆమెకు మిగలదు. చెప్పకూడదని ఆ క్షణంలోనే నిశ్చయించుకున్నాడు. పుట్టాక తల్లి దగ్గర ఆడబోయే మొదటి పెద్ద అబద్ధం అది.

“అమ్మా, నాన్నను పాతిపెట్టిన చోటు కోసం అడిగేను.”

ఆమె చేతులు ఆగాయి. “ఏటన్నారు?”

“పాతకాలం వాళ్ళు ఒకరిద్దరే మిగిలేరంట. తోట కూడా కొట్టేసి మళ్ళీ వేసేరంట. గుర్తు తెలీలేదు.”

“ఊఁ.”

“చాలా మంచివాడని మాత్రం చెప్పేరు. మన పేర్లే తలిచేవాడంట.”

గురమ్మ చెంబుతో నీళ్ళు పోసుకుని చేతులు కడుక్కుంది. తడి చేతుల్ని కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, కొడుకు పక్కన గుమ్మంలో కూర్చుంది. అతని ముఖంలోకి సూటిగా చూసింది.

“నీ సెల్లి నీ పోలికేనేటిరా?”