రెండో కెమెరా

ఫోటోను తెర మీద పెద్దది చేయగానే దయానంద్ దాని మీదికి వంగి చూశాడు.

పెళ్లిళ్లలో ఉంగరాలను దగ్గరగా తీయడానికి ఆర్మూర్ దుకాణంలో డిజిటల్ కెమెరాలు చూస్తున్నాడు. మొదటిదాంట్లో వేళ్లు మసకగా వచ్చాయి. రెండోదానికి మాక్రో లెన్సు బిగించి, పసుపు కొమ్ములు ఏరి వచ్చిన భార్య వినోద చేతినే మళ్లీ తీశాడు.

పసుపంటిన వేలి మీద పాలిపోయిన మచ్చ. దాని నడుమ లోతుగా దిగిన ముల్లు.

"వినోదా, వేలికి ముల్లు దిగింది. నొస్తలేదా?"

"ఏ ముల్లు?"

ఆమె చూపు తెర మీదే ఉంది. దయానంద్ పక్కనే ఉన్న ఆమె వేలి మీది మచ్చకు గోరు ఆనించి, ముల్లును గట్టిగా నొక్కాడు.

వినోద నవ్వింది. "గీ కెమెరా వద్దు, అద్దం మీద మరకున్నట్టుంది. ముల్లు కుచ్చితే నాకు తెల్వదా? కావాలంటే ముట్టి చూడు."