ఏడో నంబరుకు నాది పూచీ

“ఏడో నంబరును ఇవాళ తీసేస్తున్నాం మాస్టారూ. అన్నిటికంటే పాతది అదే,” అంది మేనేజరు, సర్వర్ల గది గుమ్మంలో నిలబడి.

నంబర్ల మాస్టారు కుర్చీలోంచి చివాలున లేచాడు. బస్సు టికెట్లు అమ్మే ఆ కంపెనీలో సర్వర్లకు నంబర్లు వేసేది ఆయనే. అందుకే ఆఫీసంతా ఆయన్ని అలా పిలుస్తుంది. ఆ పిలుపు వినబడితే చాలు, ఆయన మనిషి రెండంగుళాలు పెరుగుతాడు.

“ఏడోదాన్నా! ముందు నన్ను తీసెయ్యండి మేడమ్. ఐదేళ్లయింది అది వచ్చి. ఒక్కసారి ఆగిందా? ఒక్క పూట పడుకుందా? కావాలంటే తెర చూడండి!”

టికెట్ల కోసం వచ్చిపడే జనాన్ని లోడ్ బ్యాలెన్సర్ ఎనిమిది సర్వర్లకూ పంచుతుంది. ఏ సర్వరైనా ఆన్ కాగానే తన నంబరు దానికి చెప్పుకోవాలి. ఆ నంబరు మీదే దాని వాటా పని వస్తుంది. ఎవరెంత మోస్తున్నారో గోడ మీది తెర చూపిస్తుంది. అక్కడ ఏడుకెదురుగా పచ్చగీత నిండుగా ఉంది. పదకొండుకెదురుగా మాత్రం మొదట్నుంచీ సున్నాయే.

“కొత్తది పెట్టడానికి చోటు కావాలి. ఏదో ఒకటి తీయాలి కదా?”

“పదకొండోది ఉందిగా, తిని కూర్చునే దద్దమ్మ! మూడేళ్లుగా ఒక్క టికెట్టు అమ్మిన పాపాన పోలేదు. అలాగని దానికేం తక్కువ చేశాను? ఏడోదాని డిస్కునే దీంట్లోకి మక్కీకి మక్కీ దింపాను. పైన స్టిక్కరు ఒక్కటే తేడా. అయినా బుద్ధి రాలేదు.”

ఆయన కిందే పనిచేసే అన్నకూతురు మెల్లగా కల్పించుకుంది.

“బాబాయ్, ఒక్కసారి దాని లోపల ఏముందో చూస్తానని ఎన్నిసార్లు అడిగాను? చూడనివ్వవు.”

“నా నంబర్లకే వంక పెడతావా తల్లీ? పదిహేనేళ్లలో నా చేతిమీదుగా ఒకే నంబరు రెండింటికి పడలేదు. పాడైపోయినదాని నంబరు కూడా ఇంకోదానికి ఇవ్వను నేను!”

ఆ మాట అంటున్నప్పుడు మాస్టారి కళ్లు మెరిశాయి. మేనేజరును ఏడోదాని దగ్గరికి నడిపించుకెళ్లాడు.

“తాకి చూడండి, ఎంత చల్లగా ఉందో! అంత చాకిరీ చేస్తూ కూడా ఒంటికి చెమట పట్టనివ్వదు.”

మేనేజరు దాన్ని తాకింది. నిజంగానే చల్లగా ఉంది. పక్కనే ఉన్న పదకొండోదాని మీద చేయి వేసి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

“అమ్మో, ఇది కాలిపోతోందే!”

“పనీ పాటా లేకపోయినా పొగరుకేం తక్కువ లేదు దానికి,” అన్నాడు మాస్టారు.

మేనేజరు నవ్వేసింది. “సరే, పదకొండునే తీయండి. కానీ అసలే రద్దీ వేళ. ఏదైనా జరిగితే పూచీ ఎవరిది?”

“నాది! తెర మీద ఏడో నంబరు ఒక్క క్షణం ఎర్రబడినా, ఈ గది తాళాలు మా అన్నకూతురి చేతిలో పెట్టి ఇంటికెళ్లిపోతాను.”

ఇక ఎవరి మాటా వినకుండా ఆయనే వంగి పదకొండోదాని తీగ పీకేశాడు. దాని దీపాలన్నీ ఆరిపోయాయి. ఏడోది మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా మిణుకుతూనే ఉంది. మాస్టారి గుండె గర్వంతో పొంగిపోయింది. కన్నబిడ్డ వీపు తట్టినట్టు దాన్ని తట్టాడు.

“చూశారా! కాస్తయినా చలించిందా?”

వెనక తెర కీచుమని మోగింది. బయట హాల్లో ఫోన్లు ఒకదాని వెంట ఒకటి అందుకున్నాయి.

“ఆ అరుపు పదకొండోదిలే. పోతూ పోతూ గోల చేస్తోంది,” అన్నాడు మాస్టారు, వెనక్కి తిరక్కుండానే.

అన్నకూతురు తెర వంక చూసింది. చల్లగా ఉన్న ఏడోదాని మీద ఒకసారి చేయి ఆనించింది. ఆ చేతినే తాళాల కోసం బాబాయ్ ముందు చాపింది.

“ఎర్రబడింది ఏడు, బాబాయ్. నువ్వు స్టిక్కరు మార్చావు గానీ లోపలి నంబరు మార్చలేదు. అది కూడా తానే ఏడునని చెప్పుకుంది, తర్వాత చెప్పినదానికే వాటా అంతా పోయింది. మూడేళ్లుగా ఏడో నంబరు పని చేస్తున్నది ఇప్పుడు నువ్వు పీకేసినదే!”